డ్రైవర్ వైపు సగం

రాజయ్యకీ అతని తమ్ముడు బాలనర్సయ్యకీ మాటల్లేవు. ఇద్దరికీ కలిపి మిగిలింది ఒక కారు. అదీ పాత చిన్న తెల్ల కారు, వెనక కూర్చున్నవాడి మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్నది. పొలం పంచుకున్నారు, బర్రెలు పంచుకున్నారు, ఇంటికి నడిమధ్యన గోడ పెట్టుకున్నారు. కారును కోయడం కుదరక వంతులు వేసుకున్నారు. అంగడి నుంచి అంగడి దాకా ఒకరిది, తర్వాత మరొకరిది. ఎల్లారెడ్డిలో వారం వారం జరిగే అంగడినాడు పొద్దున వంతు మారుతుంది.

వంతు మారాలంటే తాళంచెవి చేతులు మారాలి కదా. అన్న ఇస్తే తమ్ముడు పుచ్చుకోడు, తమ్ముడు చాపితే అన్న అందుకోడు. ఇద్దరికీ చేతులు పడిపోయాయేమోనని తెలియనివాళ్ళు జాలిపడాలి. అందుకని ఆ పని ఆడవాళ్ళ మీద పడింది. రాజయ్య పెళ్ళాం సుభద్రమ్మ, బాలనర్సయ్య పెళ్ళాం చంద్రవ్వ. వాళ్ళు తోడికోడళ్ళే కాదు, సొంత అక్కాచెల్లెళ్ళు. ఒకే ఇంట్లో పడితే కలిసి ఉంటారని వాళ్ళ పుట్టినూరు పిట్లంలో ఒకే పందిట్లో ఇద్దరినీ ఈ అన్నదమ్ములకు కట్టబెట్టారు. ఎంత బాగా కలిసి ఉన్నారంటే, గోడ లేచిన రోజు నుంచి ఒకరి గడప ఒకరు తొక్కకూడదని మొగుళ్ళు హుకుం జారీ చేశారు. తల్లి పోయాక పిట్లం దారి కూడా మూసుకుపోయింది.

ఇక వాళ్ళకు దొరికేది ఆ అంగడి పొద్దున ఒక్కటే. రెండు గుమ్మాలూ తెరుచుకునే సందులో, కారు పక్కన నిలబడి, తాళం ఇచ్చి పుచ్చుకునేంతసేపు. ఆ కాసేపట్లోనే పిల్లల జ్వరాలు, పిట్లం కబుర్లు, ఒక చెంగు కింద నుంచి మరో చెంగు కిందికి మారే సకినాల పొట్లం. సుభద్రమ్మకు కారు మీద మోజేమీ లేదు. ఎక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. కానీ కారు లేకపోతే చెల్లెలి మొహం చూడటానికి సాకు ఉండదు. అందుకని ఆ డొక్కు బండి పదికాలాలు చల్లగా ఉండాలని ఆమె కోరుకునేది. ఊరు మొత్తం మీద ఆ కోరిక ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

కారు కొన్నది మామ కిష్టయ్య. 2009లో మక్కలు బాగా పండిన సంబరంలో, కామారెడ్డిలో ఎవరో వాడి పక్కన పెట్టిన బండిని తోలుకొచ్చాడు. మరుసటి ఏడే ఆయన పోయాడు. పంపకాల నాడు కారు నాకంటే నాకని కొడుకులిద్దరూ గొంతులు చించుకుంటుంటే పంచాయితీకి వచ్చిన పెద్దమనిషికి విసుగొచ్చింది. "బోరు నీళ్ళకు వంతులు వెట్టుకున్నరు గద, బండికి గూడ గట్లనే వెట్టుకోండ్రి" అని తువ్వాల దులుపుకుని లేచిపోయాడు. చెప్పడానికి నోరు నొప్పి పుట్టదు కదా.

బోరు వంతు వచ్చినవాడు ఏం చేస్తాడు? తన వంతు అయిపోయేలోగా పిండుకోగలిగినంత పిండుకుంటాడు. తర్వాతి వాడికోసం నీళ్ళు మిగల్చాలని ఎవడూ అనుకోడు. కారుతోనూ అదే చేశారు. సకలజనుల సమ్మెలో బస్సులు ఆగిపోయినప్పుడైతే దాన్ని గానుగెద్దులా తిప్పారు. తిప్పితే తిప్పారు, కడగరే! "నేను కడుగుతే వాడు తిరగాల్నా?" అని రాజయ్య. అవతలి గోడ వెనక అదే మాట, అదే గొంతు, మనిషి వేరు.

చలికాలం వస్తే ఆ బండి ఖర్మ మరీ కాలేది. యాసంగి నాట్ల రోజులు. యూరియా బస్తాలు, పొటాష్ బస్తాలు సీట్ల మధ్య కుక్కి పొలానికి తీసుకెళ్ళేవాళ్ళు. చిరిగిన బస్తాలోంచి రాలిన ఎరువు రబ్బరు పట్టా కింద చేరేది. పైన మంచు, కింద మడి బురద, నడుమ ఎరువు. రాత్రంతా బయటే పడి ఉన్న బండి పొద్దున చూస్తే స్నానం చేసి తుడుచుకోనట్టు ఉండేది. మూడో చలికాలానికి తలుపుల అంచుల్లో, చక్రాల మీది రేకులో బొబ్బలు లేచాయి. సుభద్రమ్మ ఒకదాన్ని వేలితో గీకితే కందిగింజంత పెచ్చు ఊడి, లోపల ఎర్రగా తుప్పు కనబడింది.

రాజయ్య కూడా చూశాడు. మాటల్లేవు గనక తమ్ముణ్ణి నేరుగా తిట్టడం కుదరదు. అందుకు ఇళ్ళలో బర్రెలున్నాయి. "ఏందే, బురదలల్ల పొర్లిచ్చి పొర్లిచ్చి బండిని జంగు వట్టిచ్చినవ్! సిగ్గు లేదా నీకు?" అని గోడవైపు తిరిగి బర్రెను తిట్టాడు. గోడ అవతల బాలనర్సయ్య తన బర్రెను అందుకున్నాడు. "ఎరువు బస్తాలు చింపి పారవోసిన పెద్దమనిషివి నువ్వే గదనే! మళ్ళ నన్నంటవా?" పాపం ఆ మూగజీవాలు చెవులాడించుకుంటూ గడ్డి నమిలాయి. పొద్దెక్కేదాకా తిట్లు సాగాయి.

మొగుడు తిట్టడంతో సరిపెడతాడని సుభద్రమ్మకు తెలుసు. కారు కింద తుప్పు పట్టకుండా నల్లటి మందు కొట్టే షాపు కామారెడ్డిలో రోడ్డు మీదే ఉందని ఆమె ఒకసారి బస్సు కిటికీలోంచి చూసింది. బండిని పైకి లేపి, ఒకడు గొట్టంతో కొడుతుంటే ఆగిన బస్సులో మెడ తిప్పి మరీ చూసింది. అయితే ఈ మనిషిని కదిలించాలంటే బుద్ధి చెబితే లాభం లేదు, పౌరుషం రేపాలి.

"బండి గిట్లనే మునిగిందనుకో, మీ తమ్ముడు ఊరంత ఏమని చెప్పుకుంటడు?" అంది అన్నం వడ్డిస్తూ. "మా నాయన బండిని మా అన్ననే చంపిండు అంటడు. అంటె అన్నడు, నాకేంది."

రాజయ్య చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. మరునాడే కామారెడ్డి బయలుదేరాడు. ఆమెను కూడా ఎక్కించుకున్నాడు.

ఆ షాపు స్వామిదాసు అనే నల్లటి బక్కమనిషిది. ఎవరి మొహమూ సరిగ్గా చూడడు, ఎవరి మాటా పూర్తిగా వినడు. కారును పైకి లేపి, కిందికి దూరి, స్క్రూడ్రైవర్ పిడితో అక్కడా ఇక్కడా కొట్టాడు. ఎర్రటి పొడి అతని జుట్టులో రాలింది.

"ఇది కారా, ఎరువుల దుకాణమా?" అన్నాడు బయటికి వచ్చి. "నసీబు మంచిగుంది, రేకు ఇంకా బొక్క వడలే. మంచిగ గీకి, కడిగి, ఆరినంక మందు కొడుతే ఇంకొన్నేండ్లు నడుస్తది. ఇడిసిపెడితే మాత్రం కింద రేకు అప్పడమైతది."

"సగం కొట్టు" అన్నాడు రాజయ్య.

"ఏంది?"

"సగం. డ్రైవర్ దిక్కు. దీంట్ల నాకు సగం, మా తమ్మునికి సగం. నా సగానికే కొట్టు. వాని సగం వాడు కొట్టిచ్చుకుంటడు."

స్వామిదాసు మొదటిసారి ఎదుటివాడి మొహంలోకి చూశాడు. నవ్వుతున్నాడేమోనని చూశాడు. రాజయ్య నవ్వడంలేదు.

"అన్నా, రోడ్డు మీది నీళ్ళకు తెలుస్తదా ఏ సగం ఎవలిదో? పక్కన జంగు వడితే ఇటు పాకదా?"

"పాకుతే వానిదాంట్ల వడ్డ జంగు వాడే చూసుకుంటడు. నువ్వు కొడతవా, బండి దించుమంటవా?"

సుభద్రమ్మ పక్కనే ఉంది. కొడితే మొత్తం కొట్టించు, లేకపోతే నీ సగమూ దక్కదు అని గట్టిగా అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఈ మనిషి సంగతి ఆమెకు తెలియంది కాదు. పెళ్ళాం నలుగురిలో ఎదురు చెప్పిందంటే ఆ సగం కూడా మానేసి బండి దించుకుని పోతాడు. సగమన్నా బతకనీ, మిగతా సగం చెల్లెలితో చెప్పి చేయిస్తాను అనుకుని నోరు మూసుకుంది. తప్పు చేసింది. మూసుకోవాల్సిన చోట్ల వాగి, వాగాల్సిన చోట మూసుకోవడం ఆ ఇంట్లో కాపురం చేసి నేర్చుకున్న విద్య.

స్వామిదాసు సుద్దముక్కతో కారు కడుపు మీద ముందు నుంచి వెనక దాకా గీత గీశాడు. గీతకు ఒకవైపు కాగితాలు అంటించి, మరోవైపు మందు కొట్టాడు. అయ్యాక రాజయ్య వంగి, గీత తన వైపుకు ఏమన్నా జరిగిందా అని చూసుకున్నాడు. పొలం గట్టు చూసుకున్నట్టే చూసుకున్నాడు.

అంగడి పొద్దున తాళం ఇస్తూ సుభద్రమ్మ గబగబా సంగతి చెప్పింది. "మీ ఆయనతోని చెప్పి మిగిలిన సగం కొట్టియ్యే చంద్రీ. లేకుంటె బండి ఆగదు."

చంద్రవ్వ మొహం ఎర్రబడింది. "డ్రైవర్ దిక్కు మీరు తీసుకుంటిరా? ఎవలనడిగి?"

"దిక్కుదేముందే..."

"ఏముందా? ఇల్లు పంచుకున్ననాడు తూర్పు దిక్కు మీరే తీసుకుంటిరి. గిప్పుడు గిది. మంచిదంత పెద్దోళ్ళకు, మిగిలింది మా మొహాన. బావ సంగతి సరే, నువ్వు గాడనే ఉంటివి గదక్కా. నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

అంత మాట అని, తాళం లాక్కుని, తలుపు దడాలున వేసుకుంది. ఆ రోజు సకినాలు సుభద్రమ్మ కొంగులోనే నలిగి పొడైపోయాయి. ఆ తర్వాత చాలా అంగళ్ళు చెల్లెలు మాట్లాడకుండానే తాళం పుచ్చుకుంది. మొగుళ్ళ రోగం ఆడవాళ్ళకూ అంటుకుంది. సుభద్రమ్మకు ఒళ్ళు మండేది, ఏడుపొచ్చేది, మళ్ళీ అంగడి కోసం చూసేది.

బాలనర్సయ్య తన సగానికి మందు కొట్టించలేదు. "మంచి సగం మింగి ఎంగిలి సగం నాకు పారేసిండు. గీత చెరిపి మళ్ళ పంచుతేనే నేను ముట్టుకుంట" అని బర్రెకు తెగేసి చెప్పాడు. ఈ వివరం ఊళ్ళో నవ్వులాట అయింది. అయినా అన్నదమ్ములకు సిగ్గు రాలేదు, పట్టుదల వచ్చింది.

పైగా రాజయ్యకు కొత్త బుద్ధి పుట్టింది. తన వంతులో ఎరువు బస్తా ఎక్కించాలంటే పక్క సీటు కిందే ఎక్కించేవాడు. "గది వాని సగం" అనేవాడు. తడిసిన గొడుగు అటే, బురద చెప్పులు అటే, కారుతున్న పాలక్యాను అటే. సుభద్రమ్మను మాత్రం వెనక తన సీటు వెనకాలే కూర్చోమనేవాడు. అవతల బాలనర్సయ్య, తన వంతు వచ్చినప్పుడు, దర్జాగా స్టీరింగు పట్టుకుని అన్న సగంలో కూర్చునేవాడు. పక్కన, ఏ మందూ లేని తన సొంత సగంలో, పెళ్ళాన్ని కూర్చోబెట్టుకునేవాడు. ఎవరి సగంలో ఎవరు కూర్చుంటున్నారో ఆ ఇద్దరు తెలివిగలవాళ్ళకూ ఒక్కరోజూ తట్టలేదు.

సుభద్రమ్మకు తట్టింది. ఒక మధ్యాహ్నం, మొగుడు పొలానికి వెళ్ళాక, ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిల్ డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళింది. పక్క సీటు కింది పట్టా ఎత్తితే తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. చిన్నప్పుడు పిట్లంలో నాగలి కర్రుకు, కొడవళ్ళకు ఆయిల్ పూసి అటక మీద పెట్టేవాళ్ళు. అదే పద్ధతిలో పాతగుడ్డ ముంచి రేకంతా రుద్దింది. తుప్పు మీద పూస్తే తుప్పు ఆగుతుందా అన్నది ఆమెకు తెలియదు. చేతులూరుకోక చేసింది.

రాజయ్య మధ్యలో వచ్చాడు. "వాని సగానికి సేవ జేస్తున్నవా?" అని డబ్బా లాక్కుని సందులోకి విసిరేశాడు. ఆయిల్ చెల్లెలి వాకిట్లో ముగ్గు మీద పడింది. చంద్రవ్వ బయటికి వచ్చి, ముగ్గునూ అక్కనూ మార్చి మార్చి చూసి, "ఇగ గిదొక్కటి తక్కువుండె" అని లోపలికి వెళ్ళిపోయింది. జరిగింది ఇదీ అని చెప్పుకోవడానికి సుభద్రమ్మకు అంగడి దాకా ఆగాలి. అంగడినాడు చెప్పబోతే చెల్లెలు వినలేదు.

2014 మొదట్లో, చలి ఇంకా పోకముందు, తమ్ముడి వంతు నడుస్తోంది. మంచు కురుస్తున్న పొద్దున మొగుడూ పెళ్ళామూ కామారెడ్డిలో పెళ్ళికని బయలుదేరారు. సుభద్రమ్మ కిటికీలోంచి చూసింది. చంద్రవ్వ కొత్త చీర కట్టుకుంది. ఆమె కారు తలుపు తీస్తే ముందు సీటులో కాళ్ళ కింద మడిచిన గోనెసంచి కనబడింది. రేకు మెత్తగా ఊగుతోందని ఎప్పుడో పరుచుకుని ఉంటుంది.

పొద్దు వాలేవేళ నర్సవ్వ వచ్చింది. వీధి చివర ఉండే మనిషి, ఊరి కబురు ఏదైనా ముందు ఆమె నోట్లోనే పడుతుంది. అయితే ఈసారి ఆమె గొంతులో సంబరం లేదు.

"నీ చెల్లెకు కాలు విరిగిందే సుభద్రా. లింగంపేట దాటినంక బండి ఎత్తుమీదికెళ్ళి ఎగిరి దుంకిందట. కాళ్ళ కింది రేకు ఊసిపోయి కాలు రోడ్డు మీద వడ్డది. బండి ఆగేదాక ఈడ్సుకపోయిందట. తోలంత లేసింది, మడిమె కాడ బొక్క విరిగింది. కామారెడ్డిల సిమెంటు కట్టేసి గిప్పుడే ఆటోల తీస్కొచ్చిండ్రు."

పట్టా కింద చేత్తో తడిమిన ఆ రేకు సుభద్రమ్మ వేళ్ళకు గుర్తొచ్చింది.

"బండేది?" అన్నాడు రాజయ్య మంచం మీది నుంచి.

"ఏడుంటది, లింగంపేట కాడ్నే రోడ్డు పక్కకు నూకిండ్రు. ఇగ పాతసామాన్లకే."

"డ్రైవర్ దిక్కు రేకు మంచిగుందా?"

సుభద్రమ్మ మొగుడి వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ అతని కోపానికి భయపడింది, అతని మంకుపట్టుకు భయపడింది. ఇప్పుడు చూస్తే అక్కడ భయపడాల్సినంత మనిషి కనబడలేదు. అసహ్యం మాత్రం వేసింది.

"మంచిగుంటది" అంది. "పోయి తెచ్చుకో. తెచ్చుకుని నెత్తి మీద వెట్టుకో."

చెప్పులు వేసుకుంటుంటే అతను లేచి కూర్చున్నాడు. "ఏడికి? గా గడప దొక్కితే మళ్ళ గీ గడప లేదు నీకు!"

"ఉంచుకో నీ గడప."

సందు దాటింది. దాటడానికి ఏమీ పట్టలేదు. అవతలి గుమ్మంలో మరిది అడ్డంగా నిలబడి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బండి లేదు, తాళం లేదు. ఏం పనిమీద వచ్చినవ్ వదినె?"

"పక్కకు జరుగు."

"మీ ఆయన పోసిన ఎరువే నా పెండ్లాం కాలు..."

"ఆయన ఎరువు వోసిండు. నువ్వు దాన్ని గాడ కూసోవెట్టినవ్. జరుగు!"

బాలనర్సయ్య జరిగాడు. వదిన గొంతు అంత పెద్దదని అతనికి అప్పటిదాకా తెలియదు.

చంద్రవ్వ మంచం మీద ఉంది. మోకాలి దాకా తెల్లటి కట్టు, కొత్త చీర అంచంతా రక్తపు మరకలు. అక్కను చూడగానే మొహం తిప్పుకుంది. సుభద్రమ్మ ఏడవాలనే అనుకుంటూ వచ్చింది. కానీ చెల్లెలు ఏడవనివ్వలేదు.

"ఇగ తోవ దొరికిందా?" అంది గోడవైపు చూస్తూ. "నా కాలు విరిగితేగాని నీకు కాళ్ళు రాలేదా?"

సుభద్రమ్మకు మండుకొచ్చింది. "మరి నువ్వెందుకు రాలేవే? నిన్నటిదాంక నీకు రెండు కాళ్ళున్నయి గద!"

"నువ్వు పెద్దదానివి!"

"పెద్దదాన్నయితే? నాకు తిట్లు వడవా? దెబ్బలు వడవా?"

"ఆ మందు కొట్టే కాడ నిలవడి చూసినవ్. ఒక్క మాట అంటివా? సగమేంది, మా చెల్లె కూసుంటది గా సీట్ల అని ఒక్క మాట!"

"అనలే" అంది సుభద్రమ్మ. గొంతు తగ్గింది. "భయమయ్యింది."

"ఎవలకు భయపడ్డవ్? బావకా?"

"బండి పోతదని. మొత్తం కొట్టుమంటె ఆయన అసలే కొట్టియ్యడాయె. బండి పోతే అంగడినాడు తాళం లేదు. తాళం లేకుంటె నువ్వు లేవు. నువ్వు పోతవని భయపడ్డనే చంద్రీ."

చంద్రవ్వ ఇటు తిరిగింది. కోపం పోలేదు ఆ మొహంలో. అక్కను ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"నేనేడికి పోతనక్కా?" అంది. "గీ గోడకు గివతలనే ఉంటి గద."

సుభద్రమ్మ తన మీద తనకే ఒళ్ళు మండి, మంచం పట్టె మీద కూలబడి, కట్టు వేసిన కాలి కింద దిండు సర్దింది. చంద్రవ్వ నొప్పికి తిట్టింది. బయట సందులోంచి రాజయ్య సుభద్రమ్మను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె లేవలేదు.